చీమలు తిన్న ఆల్ప్స్

మాణిక్యాంబ పుట్టి బుద్ధెరిగాక మంచు అనేదాన్ని చూసింది రెండే చోట్ల. ఒకటి నరసాపురం చేపల మార్కెట్లో, బుట్టల మీద కొట్టి పోసిన గడ్డలు. రెండోది ఢిల్లీ కంటోన్మెంటు క్వార్టర్లో, తన సొంత ఫ్రిజ్‌లో పేరుకునేది. దాన్ని కూడా అట్లకాడతో గీకి సింకులో పారబోసేది. అలాంటి మనిషి ఆల్ప్స్ పర్వతాల బొమ్మ వేస్తే, ఆ ఆల్ప్స్ ఉన్న దేశపు ఆవిడే వచ్చి దాని ముందు నిలబడి కదల్లేదంటే మీరు నమ్మరు. నమ్మకపోతే పోనీండి. జరిగింది జరిగినట్టు చెప్తాను, వినండి.

పెనుగొండ దగ్గర ఓ పల్లెలో పుట్టిందావిడ. ఎటు చూసినా వరిచేలు, బల్లపరుపు నేల. తలెత్తి చూడాల్సిన వస్తువంటే తాటిచెట్టే. ఆ ఊళ్లో మాణిక్యాంబ ముగ్గు వేసిందంటే పక్కవీధి వాళ్లు కూడా వచ్చి చూసి, ఇంటికెళ్లి తమ ముగ్గు చెరుపుకునేవాళ్లు. పిండి విషయంలో మాత్రం వాళ్లమ్మ మహా మొండిది. రాతిపిండి గుమ్మం తొక్కనిచ్చేది కాదు. బియ్యప్పిండితో వేస్తేనే ముగ్గు, నాలుగు చీమలు తిని పోతాయి, మనకింత పుణ్యం అనేది. ఆ మాట చిన్నప్పటి నుంచీ వినీ వినీ మాణిక్యాంబ ఒంట్లో ఇంకిపోయింది, అవసరమైన రోజున మాత్రం గుర్తు రాలేదు.

పెళ్లయ్యాక సైన్యం వెంట ఊళ్లు తిరిగి తిరిగి తొంభై రెండులో ఢిల్లీ చేరింది. మొగుడు భీమేశ్వరరావు నాయబ్ సుబేదారు. ఢిల్లీ రాకముందు హిమాలయాల్లో మంచు మీద కాపలా కాసి, కుడికాలి చిటికెన వేలు అక్కడే వదిలేసి వచ్చాడు. అందుకని ఆయనకి మంచు పేరెత్తితే ఒళ్లు మంట. నిమ్మరసంలో ఐసుముక్క వేసిస్తే దాన్ని రెండు వేళ్లతో పట్టి తీసి కిటికీలోంచి విసిరేసేవాడు. అలాంటాయన ఇంట్లో పెళ్లాం కూర్చుని మంచుకొండలు గీయడం మొదలుపెట్టింది చూడండి, అక్కడే ఉంది విధి వేళాకోళం.

అసలు ఆవిడకి బొమ్మల యావ లేదు. ఆవిడ బాధంతా పేరు గురించి. కంటోన్మెంటులో అడుగుపెట్టగానే ఆడవాళ్ల పేర్లు గేటు దగ్గరే ఉండిపోతాయి. ఫలానా సాబ్ భార్య అంటారు, లేదంటే మిసెస్ ఫలానా. భీమేశ్వరరావు భార్య కనక మాణిక్యాంబ కాస్తా మిసెస్ రావ్ అయింది. అది కూడా బాగానే ఉండేది, ఆ వరస క్వార్టర్లలో ఉన్న నలుగురు తెలుగువాళ్లూ రావులే కాకపోయి ఉంటే. కూరగాయల బండివాడు "మిసెస్ రావ్ ఆంటీ" అని కేకేస్తే నాలుగు తలుపులు తెరుచుకునేవి. ఒకరికొచ్చిన పెళ్లి పిలుపుకి ఇంకొకరు పట్టుచీర కట్టుకుని వెళ్లి భోంచేసి వచ్చిన సందర్భం కూడా ఉంది.

ఆ నలుగురిలో పక్కింటి కమలాకుమారి ఒకతె. హవల్దార్ సూర్యారావు భార్య, సామర్లకోట పిల్ల. మనిషి మంచిదే, చెయ్యి కాస్త చొరవ. మీ ఇంట్లో కూర బాగుందంటే గిన్నెతో సహా పట్టుకుపోయే రకం.

ఆ ఏడు చలికాలంలో కర్నల్ గారి భార్య ఛాయాదేవి జవాన్ల ఆడవాళ్లకి బొమ్మల క్లాసు పెట్టింది. ఊరికే ఇళ్లల్లో కూర్చుని అల్లికలల్లుకునే కంటే నాజూకైన విద్య ఒకటి వస్తుందని ఆవిడ ఉద్దేశం. వెల్ఫేర్ హాలు ముందు పచ్చికలో, ఎండలో, వరసగా చాపలు పరిచి కూర్చోబెట్టింది. మొదటి రోజునే అందరి ముందూ ఒక బొమ్మ పెట్టింది. తెల్లటి కొండ, దాని కింద సరస్సు, ఒడ్డున చెక్క ఇల్లు, ఇంటి ముందు మెళ్లో గంటతో ఓ ఆవు. ఇది ఆల్ప్స్, స్విట్జర్లాండ్‌లో ఉంది, మనం నేర్చుకోబోయేది ఇదే అంది.

ఆవిడకి మాత్రం ఆల్ప్స్ ఎలా వచ్చాయంటే, ముస్సోరీ కొండ మీద ఒక కాన్వెంటులో చదువుకుందట. అక్కడ సిస్టర్లు గోడనిండా ఆల్ప్స్ బొమ్మలు తగిలించి, వాటిని చూసి గీయమనేవారట. గోడ పక్కనే కిటికీ, కిటికీ బయట సాక్షాత్తూ హిమాలయం. మాణిక్యాంబ వచ్చీరాని హిందీలో ఉండబట్టలేక అడిగేసింది, కిటికీ తెరుచుకుని దాన్నే గీస్తే సరిపోయేది కదా మేడమ్ అని. ఛాయాదేవి కాసేపు ఆలోచించి, కిటికీ తెరిస్తే చలని సిస్టర్లు తెరవనిచ్చేవాళ్లు కాదు అంది. ఇన్నేళ్లలో ఆవిడకి ఆ ఆలోచనే రాలేదని మొహం చూస్తేనే తెలిసిపోయింది.

మొత్తానికి ఆవిడ చెప్పిన చరిత్ర మాత్రం మహా తమాషాగా ఉంటుంది. ఒకప్పుడు ఆల్ప్స్ అంటే ఆ ఊళ్ల వాళ్లకే హడలట. పైన దయ్యాలు తిరుగుతాయనేవాళ్లు. ఇంగ్లండు జమీందార్ల కొడుకులు ఇటలీ చూడ్డానికి పోతూ దారిలో ఆ కొండలు దాటాల్సొస్తే, భయం వేసి బండి తెరలు దించుకునేవాళ్లు. ఆ తర్వాత ఎవడో మహానుభావుడు తెర తీసి చూసి, అబ్బ ఎంత అందం అన్నాడు. ఒకడికి అందం కనబడితే ఇంక మిగతావాళ్లు ఊరుకుంటారా? కెమెరాలు లేని కాలం. రంగుబిళ్లల డబ్బా, సీసాలో నీళ్లు, మడత కుర్చీ పట్టుకుని దొరలూ దొరసానులూ కొండల మీద పడ్డారు. వాళ్ల వెనకే హోటళ్లు, హోటళ్ల వెనక రైళ్లు. నీటిరంగుల్లో ఓ మంచుకొండ వెయ్యడం రాకపోతే ఆడపిల్లకి సంబంధం కుదరనంత దాకా వెళ్లింది వ్యవహారం. ఆ దొరల్లోనే కొందరు ఇక్కడికి సైన్యంలో వచ్చారు. శత్రువు కొండ ఏ ఆకారంలో ఉందో గీసుకు రావాలి కనక, వాళ్ల ఆఫీసర్లకి శిక్షణలో నీటిరంగులు కూడా నేర్పేవారట. అలా వచ్చినవాళ్లు హిమాలయాన్ని చూసి కూడా అచ్చం ఆల్ప్స్‌లాగే గీసి పారేశారు, చిన్నప్పుడు నేర్చుకున్న చెయ్యి ఊరుకోదు కదా.

ఇంటికొచ్చి మొగుడికి ఇదంతా చెబితే భీమేశ్వరరావు సాక్సు విప్పుతూ విన్నాడు. "మాకు తుపాకీ ఒక్కటే ఇచ్చారు. రంగుల డబ్బా ఇచ్చినా ఏం లాభం, అక్కడ నీళ్లు గడ్డకట్టుకుపోతాయి" అన్నాడు. తర్వాత మళ్లీ తనే, సాయంత్రం పూట మంచు తెల్లగా ఉండదే, నీడపట్టున నీలిమందు పెట్టిన పంచెలాగా ఉంటుంది అని చెప్పి, అంత మాట తన నోట ఎలా వచ్చిందో తెలియనట్టు లేచి స్నానానికి పోయాడు.

మాణిక్యాంబ ఆ నీలాన్ని పట్టుకుంది. బొమ్మలు వేసే పద్ధతి కూడా ఆవిడకి తనదే. మేడమ్ చూడనప్పుడు కాగితం మీద పెన్సిల్‌తో సన్నగా చుక్కలు పెట్టుకునేది. మధ్య చుక్క మీద శిఖరం, అటూ ఇటూ తగ్గుతూ వచ్చే చుక్కల మీద వాలు. ఆవిడ ఆల్ప్స్ కొలత తప్పేవి కావు. కమలాకుమారి వేసిన ఆవు మాత్రం నాలుగు కాళ్ల సూటుకేసులా ఉండేది, కొండ దాని పక్కన నిలబడ్డానికి మొహమాటపడేది.

అంతా బాగానే ఉంది గానీ మంచు దగ్గర గురువుకీ శిష్యురాలికీ చెడింది. నీటిరంగుల్లో తెలుపు వెయ్యకూడదట. మంచున్న చోట కాగితాన్ని అలాగే ఖాళీగా వదిలెయ్యాలి, కాగితమే మంచు అంది ఛాయాదేవి. మాణిక్యాంబకి ఇది ఎంతకీ మింగుడు పడలేదు. ఖాళీగా వదిలెయ్యడం ఒక పనా? సగం వాకిలి ముగ్గు వేసి మిగతా సగం నేలే ముగ్గనుకోండి అంటే ఎవరైనా ఊరుకుంటారా? ఇంటికెళ్లి బియ్యప్పిండి వస్త్రగాళితం పట్టి, చిక్కగా ఉడికించి, తుమ్మజిగురు కలిపి, మెరుపు కోసం గుప్పెడు పంచదార వేసింది. ఆ ముద్దని కొండ మీద వేలితో మెత్తింది. ఆరాక చూద్దురూ, ఎండ తగిలితే తళుక్కున మెరుస్తోంది. మర్నాడు ఛాయాదేవి కళ్లజోడు పైకెత్తి చూసి, ఇదెలా చేశావు మిసెస్ రావ్ అంటే, మా ఊరి పద్ధతి మేడమ్ అని తల వంచుకుంది. వినయంగా అబద్ధమాడ్డం కూడా ఆవిడకి బాగా వచ్చు.

మరుసటి ఏడు దీపావళి మేళాలో ఆ బొమ్మలన్నీ పెట్టారు. ఛాయాదేవి ప్రతి బొమ్మ కిందా అట్టముక్క మీద కలిపిరాత ఇంగ్లీషులో పేర్లు రాసింది. మాణిక్యాంబ బొమ్మ కింద మిసెస్ రావ్ అని రాసింది. బహుమతి దానికే వచ్చింది. పైనుంచి వచ్చిన ఓ పెద్ద ఆఫీసరు భార్య మైకు దగ్గర నిలబడి మిసెస్ రావ్ అని పిలిచింది. వెనక వరసలో ఉన్న మాణిక్యాంబ చీర కుచ్చిళ్లు సర్దుకుని లేచేలోపు, ముందు వరసలో కూర్చున్న కమలాకుమారి లేచి వెళ్లి స్టీలు హాట్ కేసు అందుకుంది. ఫోటో కూడా తీశారు. చప్పట్లు కొట్టిన వాళ్లలో మాణిక్యాంబ కూడా ఉంది, చేతులు ఆగలేదు కాబట్టి.

తర్వాత వెళ్లి అడిగితే కమలాకుమారి కళ్లు పెద్దవి చేసి, "మిసెస్ రావ్ అంటే నేనే కదా వదినగారూ. పెద్దవాళ్లు పిలిచి ఇస్తుంటే కాదంటే బావుంటుందా?" అంది. ఇంకేమంటాం. ఆ ఫోటో సామర్లకోట వెళ్లి వాళ్ల పుట్టింటి హాల్లో తగులుకుంది. కమలాకుమారి ఆల్ప్స్ వేస్తుందట అని వాళ్ల వాళ్లంతా చెప్పుకున్నారు. మాణిక్యాంబకి కడుపు రగిలిపోయింది. హాట్ కేసు పోతే పోయింది, పేరు పోయిందే అని ఆ రాత్రి అన్నం సహించలేదు. తను వేసిన కొండ కింద తన పేరుంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనుకుంది. అది పట్టుదల అయి కూర్చుంది.

తొంభై నాలుగు వేసవిలో కబురొచ్చింది. వానలు మొదలయ్యాక వెల్ఫేర్ హాల్లో టీ పార్టీ, దానికి స్విట్జర్లాండ్ దౌత్యాధికారి భార్య వస్తోంది. ఆవిడకి కానుకగా ఇవ్వడానికి ఆడవాళ్లు వేసిన ఆల్ప్స్ బొమ్మ ఒకటి కావాలి. ఛాయాదేవి ఏమీ ఆలోచించకుండా మాణిక్యాంబని పిలిచి పెద్ద కాగితం ఇచ్చింది. ఆ కాగితం అందుకుంటూనే మాణిక్యాంబ అడిగేసింది, ఈసారి అట్టముక్క మీద నా పేరు రాస్తారా మేడమ్ అని. ఛాయాదేవి నవ్వి భుజం తట్టింది. కంటోన్మెంటులో భార్యలు భర్త పేరుతో ఉండడమే గౌరవం, పైగా మీ మద్రాసీ పేర్లు పొడుగు, అట్టముక్కలో పట్టవు అంది. ఆవిడకి చెడ్డ ఉద్దేశమేమీ లేదు, అదే ఇంకా ఒళ్లు మండించే సంగతి. మిసెస్ రావ్ అనే ఉంటే మళ్లీ కమలాకుమారి ముందు వరసలో తయారుగా ఉంటుంది, ఈసారి ఫోటో ఏకంగా స్విట్జర్లాండే పోతుంది.

సరే, అట్టముక్కలో పట్టకపోతే కొండ మీద పడుతుంది కదా అనుకుంది మాణిక్యాంబ. ఇంటికొచ్చి చుక్కలు పెట్టి కొండ గీసింది. నీలం చిక్కగా కలిపి, ఆ వాలు నుంచి ఈ వాలు దాకా, పెద్ద పెద్ద గుండ్రటి తెలుగు అక్షరాల్లో తన పేరు రాసుకుంది. ఒక్క క్షణం తృప్తిగా చూసుకుంది. తర్వాత దాని మీద బియ్యప్పిండి మంచు దట్టంగా కప్పేసింది. ఇంక ఆ బొమ్మ ఏ దేశం పోయినా, దాని కింద ఎవరి పేరు పెట్టినా, మంచు కింద ఉన్నది ఎవరో తనకొక్కదానికే తెలుసు. ఆ ఆలోచనకి వారం రోజులు తనలో తనే నవ్వుకుంది. ఏవిటే ఆ నవ్వు అని మొగుడడిగితే, ఏం లేదండీ, గ్యాసు అంది.

బొమ్మకి అద్దం వేసి ఫ్రేము కట్టించి హాల్లో తగిలించారు. మొదటి వానలు పడ్డాయి. మీకు తెలిసిందే, ఢిల్లీలో వాన పడితే గోడల్లో ఉన్న చీమలన్నీ ఇంట్లోకి కాపురానికి వస్తాయి.

పార్టీ రోజు మధ్యాహ్నం, గిన్నెలు సర్దడానికని మాణిక్యాంబ హాలుకి పోయింది. బయట షామియానా కింద భీమేశ్వరరావు జవాన్ల చేత కుర్చీలు వేయిస్తున్నాడు, ఏర్పాట్లన్నీ ఆయనకే అప్పజెప్పారు. ఆవిడ లోపలికెళ్లి బొమ్మ వైపు చూసి, ఉన్నచోటే నిలబడిపోయింది. గోడ వెంట సన్నటి నల్లటి దారం కదులుతోంది. ఫ్రేము వెనక అట్ట సందులోంచి లోపలికి పోతోంది. అద్దం వెనక చీమలు తలో పలుకూ నెత్తిన పెట్టుకుని ఆల్ప్స్ దిగుతున్నాయి. మంచు ముప్పాతిక కరిగిపోయింది. కరిగిన చోట నీలం అక్షరాలు నిగనిగలాడుతున్నాయి. మొదటి అక్షరం నెత్తి మీద కాస్త, చివరి అక్షరం పొట్టలో కాస్త మంచు మిగిలింది, మిగతాదంతా చదువుకోవడానికి వీలుగా ఉంది.

అయ్యో అన్న ఆవిడ గొంతు విని భీమేశ్వరరావు లోపలికొచ్చాడు. ముందు చీమల్ని చూశాడు. బరువులు మోసుకుంటూ వాలు దిగుతున్న ఆ వరసని చూసి, మంచు మీద కాపలా రోజులు గుర్తొచ్చాయో ఏమో, ఆయన మొహం ఒకలా అయిపోయింది. తర్వాత అక్షరాలు కనబడ్డాయి.

"ఇదేవిటి?" అన్నాడు.

"నా పేరండీ."

"కనబడుతోంది. కొండ మీద ఎందుకుంది?"

ఆవిడ దాచలేదు. హాట్ కేసు దగ్గర్నుంచీ అట్టముక్క దాకా మొత్తం చెప్పింది. భీమేశ్వరరావుకి ముచ్చెమటలు పోశాయి. కర్నల్ సాబ్ భార్య చేతుల మీదుగా పరాయి దేశపు ఆవిడకిచ్చే బొమ్మ మీద పెళ్లాం పేరు ఈ చివర నుంచి ఆ చివరకి! రేపు పైనుంచి పిలుపొస్తే ఏమని చెప్పుకోవాలి? గబగబా ఫ్రేము దింపి, వెనక అట్ట ఊడదీసి, చీమల్ని దులిపాడు. అల్మారాలోంచి తెల్లరంగు సీసా, బ్రష్షు తీసి పెళ్లాం చేతిలో పెట్టాడు. ఇంకా టైముంది, కప్పేసెయ్యి అన్నాడు.

మాణిక్యాంబ బ్రష్షు ముంచింది. ముంచిన బ్రష్షుని అక్షరాల మీదకి తీసుకెళ్లింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది. మంచు కింద పేరు ఉన్నన్నాళ్లూ అదొక చిలిపి పని. ఇప్పుడు బయటపడ్డాక, తన చేత్తో తను దాని మీద సున్నం కొట్టడమంటే వేరే సంగతి. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి, చెప్పొద్దూ, కోపంతోనే.

"నేను కప్పనండీ" అంది.

భీమేశ్వరరావు పెళ్లాం మొహం చూశాడు. అట్ట మళ్లీ బిగించి, ఫ్రేము తీసి మేకుకి తగిలించాడు. వంకరగా ఉంటే సరిచేశాడు కూడా.

"అడిగితే నాకేం తెలీదంటాను."

"మీకెప్పుడు తెలుసు కనక" అందావిడ ముక్కు తుడుచుకుంటూ. ఆయన కుర్చీల దగ్గరికి పోయాడు.

సాయంత్రం అందరూ వచ్చారు. స్విట్జర్లాండ్ ఆవిడ సన్నగా, పొడుగ్గా, కాటన్ చీర చుట్టుకుని వచ్చింది, చీర ఆవిడకి మోకాళ్ల కిందకి వచ్చి ఆగింది. ఛాయాదేవి ఆవిణ్ని నేరుగా బొమ్మ దగ్గరికి తీసుకొచ్చి, ఇది మీ దేశమే అని చెయ్యి చూపించి, తర్వాత తనూ చూసి, చెయ్యి అలాగే గాల్లో ఉంచేసింది. నిన్నటిదాకా తెల్లగా ఉన్న కొండ ఇవాళ బోడిగా ఉంది. దాని మీద నీలం చుట్టలు చుట్టలుగా ఏవో.

వచ్చినావిడ మాత్రం మొహం దగ్గరగా పెట్టి చాలాసేపు చూసింది. మెల్లగా ఇంగ్లీషులో చెప్పుకొచ్చింది. వాళ్లమ్మమ్మది ఇలాంటి కొండ కింద ఊరేనట. ఎండాకాలం మంచు కరిగి ఇలాగే ఉండేదట. ఆ వాలు మీద గడ్డి కోసి, మోపు వీపుకి కట్టుకుని దిగీ దిగీ అమ్మమ్మ నడుం వంగిపోయిందట. ఇంగ్లీషు దొరసానులు వచ్చి గడ్డిలో కూర్చుని బొమ్మలు గీసుకుంటుంటే, ఈ గొడ్డుచాకిరీ కొండలో వీళ్లకేం కనబడిందని ఆశ్చర్యపోయేదట. ఊళ్లో వాళ్లెవరి ఇంట్లోనూ ఆ బొమ్మ ఒక్కటి కూడా ఉండేది కాదు అంది. చెప్పి, వేలితో నీలం వంకర్లని చూపించి, ఇవేమిటి, కాలిబాటలా అని అడిగింది.

ఛాయాదేవికి తెలిస్తే కదా. కిందున్న అట్టముక్క చదివి, మిసెస్ రావ్ ఎవరని అడిగింది వచ్చినావిడ.

పక్కనే సమోసాల పళ్లెం పట్టుకుని, సామర్లకోట నుంచి తెచ్చుకున్న పట్టుచీరలో కమలాకుమారి నిలబడి ఉంది. ఊరికే నిలబడలేదు, ఫోటోగ్రాఫరు ఎక్కడున్నాడో చూసుకుని మరీ నిలబడింది. నేనే మేడమ్ అంది. అది అబద్ధం కాదు కదా. అయితే చెప్పు, ఏమిటివి అని ఛాయాదేవి ఆత్రంగా అడిగింది. కమలాకుమారి నవ్వుతూ బొమ్మ వైపు తిరిగింది.

ఆ హాల్లో ఉన్న ఆఫీసర్ల ఆడవాళ్లెవరికీ తెలుగు రాదు. బొమ్మ దగ్గరున్న వాళ్లలో చదవగలిగినది కమలాకుమారి ఒక్కతే. టీ కప్పుల బల్ల దగ్గర నిలబడ్డ మాణిక్యాంబ చేతిలో కప్పుతోనే అటు తిరిగింది. కాలిబాటే మేడమ్ అని ఒక్క మాటంటే చాలు, ఈ పేరు అక్కడితో సమాధి. పైగా కమలాకుమారి అనగలదు, అందుకు సందేహం లేదు.

కమలాకుమారి చదివింది. నవ్వు మెల్లగా పోయింది. తలతిప్పి బల్ల దగ్గర మాణిక్యాంబని చూసింది. మళ్లీ అక్షరాల్ని చూసింది.

"పేరు మేడమ్" అంది. "మాణిక్యాంబ అని రాసుంది. ఈ బొమ్మ వేసింది ఆవిడే, అదిగో అక్కడుంది. ఆ దీపావళి బొమ్మ కూడా ఆవిడదే."

ఎవరూ ఏమీ అడగలేదు. అయినా కమలాకుమారి పళ్లెం కింద పెట్టి, ఇంకాస్త చిన్న గొంతుతో మళ్లీ అంది.

"నా పేరు కమలాకుమారి మేడమ్."

అంతవరకూ పళ్లు కొరుకుతూ ఉన్న మాణిక్యాంబకి ఆ మాటతో ఒంట్లో ఉన్న కసంతా జారిపోయింది. ఆ రోజు ఎవరికో వచ్చిన చప్పట్లకి ఈ పిల్ల ఎందుకు లేచి వెళ్లిందో ఇప్పుడు తెలిసింది. మిసెస్ రావ్ అనే పిలవనీ, నలుగురిలో పిలిచి ఒక మంచి మాట అనడం ఈ పిల్ల బతుకులో కూడా అదే మొదలు. పాపం అనిపించింది. తనని చూసి తనే జాలిపడ్డట్టుగా ఉంది.

వచ్చినావిడ రెండు పేర్లూ పలకడానికి ప్రయత్నించింది. రాలేదు. ఛాయాదేవిని సాయం చెయ్యమంది. రెండు చలికాలాలు పక్కన కూర్చోబెట్టుకుని బ్రష్షు పట్టడం నేర్పిన ఛాయాదేవికి కూడా మాణిక్యాంబ అన్న పేరు నోరు తిరగలేదు. ఆవిడ సిగ్గుపడింది, ఆ సిగ్గు దాచుకోలేదు కూడా, అందుకు మెచ్చుకోవాలి. మాణిక్యాంబని చేత్తో దగ్గరికి పిలిచి, నువ్వే చెప్పు, నేను కూడా నేర్చుకుంటాను అంది. మాణిక్యాంబ ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది. కర్నల్ గారి భార్యా, స్విట్జర్లాండ్ ఆవిడా చిన్నపిల్లల్లా వల్లించారు. 'ణ' దగ్గర ఇద్దరూ బోర్లా పడ్డారు. అట్టముక్క పీకేసి వేరేది తెప్పించారు. నిజానికి పేరు దాంట్లో సుబ్బరంగా పట్టింది, ఇంకా చోటు కూడా మిగిలింది.

మంచు మళ్లీ వేసి ఇస్తాను, ఒక గంట ఆగమంది మాణిక్యాంబ. అక్కర్లేదు, మా అమ్మమ్మ కొండ ఇలాగే ఉండేది, ఇలాగే ఇవ్వమంది ఆవిడ. అలాగే పట్టుకుపోయింది. అట్ట సందులో నాలుగు చీమలు మిగిలే ఉంటాయి, అవి కూడా స్విట్జర్లాండ్ వెళ్లి స్థిరపడి ఉండాలి.

అందరూ వెళ్లిపోయారు. షామియానా విప్పుతున్నారు. మాణిక్యాంబ కప్పులు బుట్టలో సర్దుతోంది. భీమేశ్వరరావు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పెట్టించి, ఇంక ఇంటికి పోదామని ఆవిణ్ని పిలవబోయాడు. పెళ్లైన నాటి నుంచీ ఆయన పిలుపు ఒకటే, "ఇదిగో" అని. పీటల మీద కూర్చున్న రోజున పెద్దవాళ్లు బలవంతం చేసి పెళ్లాం పేరు చెప్పించారు, అంతే, ఆ తర్వాత ఆ పేరు ఆయన నోట రాలేదు. ఊళ్లో మొగుళ్లందరూ అంతే, అందులో వింతేమీ లేదు. ఆయన రెండడుగులు వేసి, ఆగి, చుట్టూ జవాన్లెవరైనా వింటున్నారేమోనని చూసుకుని, గొంతు సవరించుకున్నాడు.

"మాణిక్యాంబా" అన్నాడు.

ఆవిడకి బాగా వినబడింది. చేతిలో కప్పు జారబోయింది కూడా. అయినా తల ఎత్తలేదు, కప్పులు ఇంకా నెమ్మదిగా సర్దుతూ వినబడనట్టే ఉండిపోయింది. పాపం, ఆయన ఇంకాస్త గట్టిగా మళ్లీ పిలిచాడు.